పదహారంగుళాల కథ

అమెరికా వచ్చిన కొత్తలో మన తెలుగువాళ్ళందరూ తప్పకుండా చేసే పని ఒకటుంది. గోడ మీద వేళ్ళు ముడిచి కొట్టి చూడ్డం. కొడితే డొల్లగా మోగుతుంది. "ఇదేం గోడండీ బాబూ, అట్టపెట్టె! గట్టిగా గుద్దితే చెయ్యి అవతలి గదిలోకి పోయేట్టుంది" అనుకుంటాం. ఇంటికి ఫోన్ చేసి అదో వింతగా చెప్తాం కూడా. మనకి గోడంటే ఇటుక గోడే. బయటిదైతే తొమ్మిదంగుళాలు, మధ్యలోదైతే నాలుగున్నర. మేకు కొడితే మేకు వంగాలి గానీ గోడకి ఏమీ కాకూడదు.

నేనూ పదిహేనేళ్ళు అలాగే అనుకున్నాను. ఆ డొల్ల గోడ లోపల ఏముందో, ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. 2018లో మా నాన్న మా ఇంటికొచ్చాక, ఆయనా నేనూ కలిసి అలాంటి గోడ ఒకటి కట్టాల్సొచ్చింది. అప్పట్నుంచీ ఈ పిచ్చి పట్టుకుంది. దొరికిందల్లా చదివాను. చదివితే తేలిందేంటంటే, ఈ గోడ పుట్టిందని చెప్పుకునే చోటు మా ఇంటికి నలభై మైళ్ళ దూరంలోనే ఉంది! మేముండేది షికాగో దగ్గర అరోరాలో.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన వడ్రంగి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు, ఒకప్పుడు నాగళ్ళు కూడా చేసేవాడు. టేకు ద్వారబంధాన్ని ఒక్క ఇనప మేకు కూడా వాడకుండా బిగించడం ఆయన గొప్ప. నిలువు చెక్కకి ఉలితో బెజ్జం తొలిచి, అడ్డచెక్క కొనని సరిగ్గా దానికి పట్టేట్టు చెక్కి, దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగ్గొట్టేవాడు. "ఇనప మేకు కొట్టాడంటే వాడికి పని రాదని అర్థం" అనేవాడు. తర్వాత్తర్వాత ఫ్యాక్టరీ తలుపులొచ్చాయి, అల్యూమినియం కిటికీలొచ్చాయి. ఆయన పని బిగింపుల దాకా కుదించుకుపోయి, చివరికి ఆగిపోయింది. ఈలోపు నేను కంప్యూటర్లు చదివి ఇటొచ్చేశాను.

ఆయనకి మోకాళ్ళ నొప్పులు. మా ఇంట్లో పడగ్గదులన్నీ పైన. కింద చుట్టాలొస్తే తప్ప ఎవరూ కూర్చోని లివింగ్ రూము ఒకటుంది. దానికి అడ్డంగా పన్నెండడుగుల గోడ కట్టి ఒక తలుపు పెడితే గదైపోతుంది. ఒక కాంట్రాక్టర్ని పిలిచి అడిగితే ఆయన చెప్పిన అంకె విని మా ఆవిడ కాఫీ ఇవ్వడం మర్చిపోయింది :) నాన్న మాత్రం, "గోడకి అంత డబ్బేంట్రా? నేనెందుకున్నాను?" అన్నాడు. సరే, సిటీ వాళ్ళ దగ్గర పర్మిట్ తీసుకుని మేమే మొదలుపెట్టాం.

మొదటి గొడవ చెక్కలు కొనేచోటే. ఇక్కడ గోడలకి వాడేది టూ బై ఫోర్. పేరుని బట్టి రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు ఉండాలి. నాన్న జేబులోంచి టేపు తీసి కొలిచాడు. ఒకటిన్నర, మూడున్నర. ఇంకోటి కొలిచాడు. అదీ అంతే. "ఒరేయ్, నిన్ను నిలువునా మోసం చేస్తున్నారు, పద ఇంకో కొట్టుకి పోదాం" అని నా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఈ దేశంలో ఏ కొట్టుకెళ్ళినా అంతేనని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నిజానికి ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు కోత మిల్లులో రెండుకి నాలుగుగానే కోసేవాళ్ళు. పచ్చి చెక్క ఆరితే కుంచించుకుపోతుంది, తర్వాత చిత్రిక పడితే ఇంకాస్త పోతుంది. ఎంత పోవచ్చన్నది ఏ మిల్లుకామిల్లు సొంత లెక్క. 1924లో, హెర్బర్ట్ హూవర్ వాణిజ్య మంత్రిగా ఉన్నప్పుడు, దేశం మొత్తానికీ ఒక కొలత కుదిర్చారు. ఆ లెక్కలో టూ బై ఫోర్ అంటే ఒకటీ ఐదు బై ఎనిమిది, మూడూ ఐదు బై ఎనిమిది అంగుళాలు. దశాబ్దాల తరబడి వాదులాడుకుని 1970లో ఇంకో ఎనిమిదో వంతు తగ్గించి, ఇప్పటి ఒకటిన్నర, మూడున్నర దగ్గర ఆగారు. కొలత మారినా పేరు మాత్రం మారలేదు. వేరియబుల్ పేరు ఒకటీ, అందులో ఉండే విలువ ఇంకోటీ అయిన కోడు మనం ఎంత చూళ్ళేదు, ఇదీ అలాంటిదే.

ఇంక అసలు కథకొద్దాం. అమెరికాకొచ్చిన ఇంగ్లీషువాళ్ళు మొదట కట్టుకున్న చెక్క ఇళ్ళు మా నాన్న ద్వారబంధాల్లాంటివే, కాకపోతే ఇల్లంత పెద్దవి. ఎనిమిదీ పదీ అంగుళాల మందం ఉన్న దూలాలు, నిట్రాళ్ళు. వాటికి ఉలితో బెజ్జాలు, కొనలు, చెక్క మేకులు. ఒక్కో పక్క చట్రాన్నీ నేలమీదే బిగించి, ఊళ్ళో మగాళ్ళంతా చేరి, గడకర్రలతో ఒక్కసారిగా పైకి లేపేవాళ్ళు. అంత బరువు మరి. ఇదంతా ఏళ్ళ తరబడి పని నేర్చిన వడ్రంగి లేకపోతే జరగదు.

మరి మేకులు ఎందుకు వాడలేదంటారా? మేకు ఖరీదు. ఒక్కో మేకునీ కమ్మరి కొలిమిలో కాల్చి, సాగదీసి, తల కొట్టి చెయ్యాలి. వర్జీనియాలో వలస వెళ్ళిపోయేవాళ్ళు పాత ఇంటికి నిప్పంటించి బూడిదలో మేకులేరుకుని పోయేవాళ్ళట. అది ఆపడానికి 1640లలో చట్టమే చేశారు. ఇల్లు తగలబెట్టకుండా వదిలిపెడితే, అందులో ఎన్ని మేకులుంటాయో అంచనా కట్టి అన్ని మేకులూ ప్రభుత్వమే ఇస్తుందని! థామస్ జెఫర్సన్ 1794లో తన మాంటిచెల్లో ఎస్టేటులో మేకుల కార్ఖానా పెట్టాడు. అందులో మేకులు కొట్టింది పదీ పదహారేళ్ళ నల్ల బానిస పిల్లలు. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన మనిషి ఆ పిల్లలు రోజుకెన్ని మేకులు కొట్టారో లెక్క రాసుకునేవాడు. ఇది చదివాక ఆయన మీద నాకున్న గౌరవం కొంచెం తగ్గిన మాట నిజం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇనప పట్టీలోంచి మేకులు కత్తిరించే యంత్రాలొచ్చాయి. 1790ల నుంచి 1830ల దాకా ఆ యంత్రాలు బాగుపడుతూ పోయాయి, ధర పడుతూ పోయింది. డేనియల్ సిచెల్ అనే ఆర్థికవేత్త మూడొందల ఏళ్ళ మేకుల ధరలు కూర్చి ఈమధ్యే ఒక పేపర్ రాశాడు. 1810లో అమెరికా జీడీపీలో మేకుల వాటా సుమారు 0.4 శాతమట. ఇవాళ అమెరికాలో జనం ఇళ్ళకి కొనుక్కునే కంప్యూటర్ల వాటా కూడా ఇంచుమించు అంతే. మేకంటే అప్పట్లో అంత పెద్ద వ్యవహారం అన్నమాట.

ఇప్పుడు షికాగో. 1833లో షికాగో అంటే మూడొందల యాభై మంది ఉండే బురద గుంట. చుట్టూ గడ్డి మైదానం, పెద్ద చెట్లు తక్కువ, పని తెలిసిన వడ్రంగులు ఇంకా తక్కువ. కానీ జనం మాత్రం విరగబడి వస్తున్నారు. 1837కి నాలుగువేలు, 1850కి ముప్ఫైవేలు. వీళ్ళందరికీ ఇళ్ళెక్కణ్ణుంచి తెస్తారు? పరిష్కారం మోటుగా ఉంది. లావు దూలాలు మానేసి, కోత మిల్లులో కోసిన సన్నటి చెక్కల్ని అడుగు, అడుగున్నర దూరంలో వరసగా నిలబెట్టి, బెజ్జాలూ కొనలూ లేకుండా ఉత్త మేకులతో కొట్టిపారెయ్యడం. ఆ నిలువు చెక్క పేరే స్టడ్. ఒక్కటి చూస్తే చేతికర్రలా ఉంటుంది. అలాంటివి యాభై కలిసి, మీద పలకలు కొట్టాక, ఇల్లు నిలబడుతుంది. ఇద్దరు మనుషులూ, ఒక రంపం, ఒక సుత్తీ ఉంటే చాలు.

దీన్ని ఎవరు కనిపెట్టారన్నదాని మీద పెద్ద గొడవే జరిగింది. 1833లో షికాగోలో సెయింట్ మేరీస్ చర్చి కట్టిన ఆగస్టిన్ టేలర్ అని చాలాకాలం చెప్పుకున్నారు. సుమారు నాలుగొందల డాలర్లలో అయిపోయిందట ఆ చర్చి. 1941లో సీగ్‌ఫ్రీడ్ గీడియన్ అనే వాస్తు చరిత్రకారుడు తన పుస్తకంలో, కాదు, జార్జ్ స్నో అనే కలప వ్యాపారి అన్నాడు. తర్వాతొచ్చినవాళ్ళు ఇద్దర్నీ పక్కనపెట్టి, మిసిసిపీ లోయలో ఫ్రెంచివాళ్ళ పాత ఇళ్ళల్లోనే ఇలాంటి పద్ధతి ఉంది, అక్కడక్కడా ఎవరికివాళ్ళు మార్చుకుంటూ వచ్చారు అన్నారు. నాకైతే ఈ మూడో మాటే సబబుగా అనిపిస్తుంది. చౌక మేకూ, మిల్లు చెక్కా, వడ్రంగి కరువూ మూడూ ఒకచోట చేరాక ఎవడో ఒకడు ఆ పని చెయ్యకుండా ఉంటాడా?

పేరు సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. దీన్ని బెలూన్ ఫ్రేమ్ అన్నారు. గాలొస్తే బెలూన్‌లా ఎగిరిపోతుందని పాతకాలం వడ్రంగులు వెక్కిరిస్తూ పెట్టిన పేరని ఎక్కువమంది చెప్పేమాట. అంటే మనం ఇప్పుడు అట్టపెట్టె అంటున్నామే, అదే మాట రెండొందల ఏళ్ళ కిందట అమెరికా వడ్రంగులే అన్నారు! నాన్నకి ఈ సంగతి చెప్తే, "మరి? వాళ్ళకి మాత్రం తెలీదా పనంటే ఏంటో" అన్నాడు, తన పక్షాన సాక్షులు దొరికినంత సంతోషంగా.

వెక్కిరించినవాళ్ళ మాట కొంత నిజమైంది కూడా, అయితే గాలి వల్ల కాదు. బెలూన్ ఫ్రేమ్‌లో స్టడ్డు పునాది నుంచి కప్పు దాకా ఒకే పొడవు. రెండు స్టడ్ల మధ్య ఖాళీ కూడా కింద నుంచి పై దాకా ఒకే గొట్టం. కింద అంటుకుంటే ఆ గొట్టంలోంచి మంట పొయ్యి గొట్టంలో లాగా నిమిషాల్లో కప్పుకెక్కుతుంది. 1871 అక్టోబరు 8 రాత్రి షికాగో అంటుకుంది. మూడు రోజుల్లో పదిహేడు వేల పైచిలుకు భవనాలు పోయాయి, సుమారు మూడొందల మంది చనిపోయారు, లక్షమంది రోడ్డున పడ్డారు. అప్పటికి ఊరి జనాభా మూడు లక్షలు. ఇళ్ళే కాదు, కాలిబాటలు కూడా చెక్కే. ఓలీరీ అనే ఐరిష్ ఆవిడ ఆవు లాంతర్ని తన్నిందన్న కథ మీరూ వినే ఉంటారు. ఆవిడ తప్పేమీ లేదని షికాగో సిటీ కౌన్సిల్ తీర్మానం చేసింది, 1997లో.

అదే రాత్రి ఉత్తరాన విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కలప ఊరు అడవితో సహా తగలబడింది. అక్కడ చనిపోయినవాళ్ళు పన్నెండొందలకి తక్కువ కాదు. షికాగో తొలి మేయరు విలియం ఆగ్డెన్‌కి షికాగోలో ఆస్తులుండేవి, పెష్టిగోలో కలప కంపెనీ ఉండేది. చెక్కలు కోసిన ఊరూ, ఆ చెక్కలతో కట్టిన ఊరూ ఒకే రాత్రి పోయాయి. రెండో ఊరి గురించి ప్రపంచమంతా చెప్పుకుంది, మొదటిదాని పేరు నాకు మొన్న మొన్నటి దాకా తెలీదు.

అగ్ని ప్రమాదం తర్వాత ఊళ్ళో చెక్క ఇళ్ళు నిషేధిద్దామన్నారు. డబ్బున్నవాళ్ళు సరేనన్నారు. 1872 జనవరిలో ఉత్తరం వైపు ఉండే పేదలు, ఎక్కువగా జర్మనీ నుంచి వలస వచ్చిన కూలీలు, సిటీ హాలు మీదకి ఊరేగింపుగా వెళ్ళారు. మా స్థలాలున్నాయి, ఇటుకలతో కట్టుకునే స్తోమత మాకెక్కడిది, చెక్క ఇల్లొద్దంటే మేం ఊరొదిలి పోవాల్సిందే అని. గొడవ చేసి, నిషేధాన్ని ఊరి మధ్యభాగానికి కుదించేలా చేశారు. ప్రమాదకరమైన ఇల్లు కావాలని పోరాడ్డం వింతగానే ఉంటుంది. కానీ ఇల్లే లేకపోవడం ఇంకా పెద్ద ప్రమాదమని వాళ్ళ లెక్క. మన ఊళ్ళల్లో ఎండాకాలం తాటాకిళ్ళు వరసగా అంటుకోవడం చూసినవాళ్ళకి ఆ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత్తర్వాత ఆ గొట్టాల్ని మధ్యలో అడ్డచెక్కలతో మూసెయ్యడం మొదలుపెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో ఏ అంతస్తుకా అంతస్తు విడిగా కట్టి, దాని నెత్తిన అడ్డచెక్క వేసి, ఆపైన రెండో అంతస్తు మొదలుపెట్టే పద్ధతి నిలబడింది. పొడుగాటి చెక్కలకి కరువొచ్చింది కాబట్టి అదీ కలిసొచ్చింది. ఇప్పటి ఇళ్ళన్నీ ఈ పద్ధతిలోవే.

ఇక అసలు నేనింత దూరం రావడానికి కారణమైన అంకె: పదహారు. స్టడ్డు మధ్య నుంచి స్టడ్డు మధ్యకి పదహారు అంగుళాలు. మూరకి రెండంగుళాలు తక్కువ. ఇక్కడ అమ్మే టేపుల మీద ప్రతి పదహారో అంగుళం దగ్గరా ఎర్రగా ముద్రేసి ఉంటుంది. "పదహారే ఎందుకు? పదిహేనైతే గోడ పడిపోద్దా?" అని నాన్న అడిగాడు. నాకూ తెలీలేదు. సివిల్ ఇంజనీర్ ఫ్రెండుని అడిగితే "కోడు అంతే" అన్నాడు.

జవాబు సున్నంలో ఉంది. ఇప్పటి బోర్డులు రాకముందు స్టడ్ల మీద సన్నటి చెక్క బద్దలు అడ్డంగా కొట్టేవాళ్ళు, లాత్ అంటారు. మన తాటాకింటికి వాసాల మీద పెండెబద్దలు కట్టినట్టే అనుకోండి. బద్దకీ బద్దకీ మధ్య పావంగుళం సందు. దాని మీద సున్నం, ఇసుక, పశువుల వెంట్రుకలు కలిపిన ముద్దని తాపీతో అదిమితే, కొంత సందుల్లోంచి వెనక్కి జారి అక్కడ గడ్డకట్టి గోడకి కొక్కేల్లా పట్టుకుంటుంది. దాని మీద రెండో పూత, ఆపైన నున్నటి మూడో పూత. ఒక్కోటీ ఆరడానికి రోజులు పడుతుంది. ఆ బద్దల పొడవు నాలుగడుగులు. నాలుగడుగులంటే నలభై ఎనిమిది అంగుళాలు. బద్ద రెండు కొనలూ స్టడ్డు మీద ఆనాలి, మధ్యలో సున్నం బరువుకి వంగకుండా ఉండాలి. నలభై ఎనిమిదిని మూడు భాగాలు చేస్తే పదహారు.

1894లో ఆగస్టిన్ సాకెట్ అనే ఆయన జిప్సం పూతల మధ్య మందపాటి కాగితాలు పెట్టి, ఆ బద్దల బదులు కొట్టుకునే బోర్డుకి పేటెంటు తీసుకున్నాడు. దాని కొలత ముప్ఫై రెండుకి ముప్ఫై ఆరంగుళాలు. ముప్ఫై రెండంటే రెండు పదహార్లు. పాత స్టడ్ల మీద అతకాలి కదా మరి. షికాగోలోనే 1902లో పుట్టిన యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ 1909లో సాకెట్ కంపెనీని కొనేసి, తర్వాత అట్టల మధ్య ఒకే జిప్సం పొర ఉండే షీట్‌రాక్ తెచ్చింది. అదొచ్చి నాలుగడుగుల వెడల్పులో స్థిరపడింది. నాలుగడుగులంటే మూడు పదహార్లు. బద్దలు పోయి డెబ్భై ఎనభై ఏళ్ళయింది, బద్ద పొడవు మాత్రం ప్రతి గోడలోనూ అలాగే ఉంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఇదీ. ఎనభై కాలమ్‌ల పంచ్ కార్డు పోయినా టెర్మినల్‌లో ఎనభై అక్షరాలు మిగిలినట్టు.

షీట్‌రాక్‌ని మొదట్లో జనం పట్టించుకోలేదు. సున్నం గోడ ఉండగా ఈ నకిలీ ఎందుకన్నారు. 1933లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో భవనాలకి దాన్ని విరివిగా వాడారు. ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పనివాళ్ళు లేరు, టైము లేదు, సైనికులకి లక్షల కొద్దీ ఇళ్ళు కావాలి. అంతే, సున్నం పని పక్కకి పోయింది. అట్ట గోడ అని మనం నవ్వుతాం గానీ, నిప్పు విషయంలో అది మహా ఘటికురాలు. జిప్సం బరువులో అయిదో వంతు నీళ్ళే, రాయిలో బంధించి ఉంటాయి. మంట తగిలితే ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా గోడ అవతలి వైపు వేడి పెరగదు. 1871లో కాలిపోయిన గోడకి, కాలకుండా కాసే తొడుగు అదే ఊళ్ళోని కంపెనీ నుంచి రావడం కాకతాళీయమే అనుకోండి.

యుద్ధం తర్వాత న్యూయార్కు దగ్గర లెవిట్‌టౌన్ అనే ఊరు కట్టారు. 1947లో మొదలుపెట్టి నాలుగేళ్ళల్లో పదిహేడువేల పైచిలుకు ఇళ్ళు. విలియం లెవిట్ ఇంటి పనిని ఇరవయ్యేడు ముక్కలు చేశాడు. ఒక ముఠా స్టడ్లు నిలబెట్టి పక్కింటికి పోతుంది, వెనకాల బోర్డుల ముఠా వస్తుంది, దాని వెనకాల అతుకుల ముఠా. ఎర్ర రంగు వేసేవాడు వేరు, తెల్ల రంగు వేసేవాడు వేరు. ఊపు మీదున్నప్పుడు రోజుకి ముప్ఫై ఇళ్ళు పూర్తయ్యేవి. యూనియన్ వాళ్ళని పెట్టుకోలేదు. ఒక్కడికీ ఇల్లు కట్టడం రానక్కర్లేదు, తన ముక్క వస్తే చాలు.

ఆ ఇళ్ళ ఒప్పందంలో ఒక షరతుండేది. తెల్లవాళ్ళు కానివాళ్ళు అందులో ఉండకూడదు, ఇంటి పనివాళ్ళయితే తప్ప. అది నల్లవాళ్ళకి మాత్రమే కదా అనుకునే మనవాళ్ళుంటారు కాబట్టి చెప్తున్నాను: భారతీయులు తెల్లవాళ్ళు కారని 1923లోనే భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీం కోర్టు చెప్పాక కూడా లెవిట్ నల్లవాళ్ళకి అమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో మయర్స్ అనే నల్ల కుటుంబం పాత యజమాని దగ్గర ఇల్లు కొనుక్కుని దిగితే రోజుల తరబడి జనం చుట్టుముట్టి రాళ్ళేశారు. ఇళ్ళ అమ్మకాల్లో ఈ వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968లో. మేమిప్పుడు అరోరాలో ఇల్లు కొనుక్కుని, ఏ గది ఎటు తిప్పాలా అని తీరిగ్గా ఆలోచిస్తున్నామంటే ఆ చట్టం పుణ్యమే.

లెవిట్ ముఠాల గురించి చదువుతుంటే నాకు నా మొదటి ఆన్‌సైట్ గుర్తొచ్చింది. 2003లో ఒక పెద్ద కంపెనీలో, పేరెందుకు లెండి, ఇరవై ఏళ్ళుగా ఒక మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ని చూసుకుంటున్న ఆయన దగ్గర నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ తీసుకోవడానికి నన్ను పంపారు. ఆయన మూడు నెలలు నాకు నేర్పాడు. తర్వాత ఆయన ఉద్యోగం పోయింది. ఆయనకి ఆ సిస్టమ్ మొత్తం తెలుసు, నాకు నా నాలుగు ప్రోగ్రాములు తెలుసు. మిగతావి హైదరాబాదులో ఇంకో పదిమందికి పంచారు. వెళ్ళిపోయేరోజు ఆయన నవ్వుతూనే, మీ కోడ్ పని చేస్తుంది గానీ దానికి వెన్నెముక లేదు అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. బెలూన్ ఫ్రేమ్ కథ చదివాక అర్థమైంది, ఆ గోడలో నేను స్టడ్డునని. ఒక్కణ్ణే చూస్తే చేతికర్ర.

అలాగని నేను పాతవాళ్ళ పక్షమే అనలేను. లావు దూలాల వడ్రంగం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ జర్మన్ కూలీలకి ఇళ్ళుండేవి కావు. మా ఊళ్ళో కూడా నాన్న చేసిన టేకు ద్వారబంధాలు పెట్టించుకోగలిగిన ఇళ్ళు ఎన్ని? మా ఇంటికే వేప చెక్కది ఉండేది. ఈ మాట ఆయనతో అనలేదు. అనడానికి ధైర్యం చాల్లేదు.

గోడ సంగతి చెప్పి ముగిస్తాను. నేల మీద ఒక అడ్డచెక్క, కప్పుకి ఒక అడ్డచెక్క. కింది దానికీ పై దానికీ సరిగ్గా నిలువు కుదరాలి. నా దగ్గర లేజర్ ఉంది. నాన్న దాన్ని నమ్మలేదు. మా అమ్మాయి షూ లేసుకి నట్టు కట్టి వేలాడదీశాడు. రెండూ ఒకే చోట పడ్డాయి. "పర్లేదు, నీ లైటు బానే ఉంది" అన్నాడు. పన్నెండడుగులకి పది స్టడ్లు, తలుపు పక్కన ఇంకో నాలుగు. నేల ఎగుడుదిగుడు కాబట్టి ప్రతి స్టడ్డునీ విడిగా కొలిచి కొయ్యాల్సొచ్చింది. నాన్న పెన్సిల్ గీతలో సగం ఉంచి సగం కోసేవాడు. ఆయన కోసినవి గుప్పిటతో కొడితే దిగేవి. నేను కోసినవాటికి చెక్క ముక్కలు ఇరికించాల్సొచ్చింది.

పేచీ మేకుల దగ్గరొచ్చింది. నిలువు స్టడ్డు అడుగున ఏటవాలుగా రెండు పక్కల నుంచీ మేకులు కొట్టి కింది చెక్కకి పట్టించాలి. ఆయన కాసేపు సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "దీనికి చిన్న బెజ్జం తొలుస్తాను, అరగంట పడుతుంది అంతే" అన్నాడు. పద్నాలుగు స్టడ్లు, రెండేసి కొనలు, అరగంట చొప్పున పద్నాలుగు గంటలు నాన్నా అన్నాను. తొలవొద్దనలేదు, లెక్క చెప్పానంతే. ఆయన మాట్లాడకుండా మేకు తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. మూడు దెబ్బలకో మేకు దిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే తలుపు పైన అడ్డం వచ్చే చెక్క ఒక్కదానికి మాత్రం బెజ్జం తొలిచి, కొన చెక్కి, బిగించేసి ఉంది. నేను నిద్రపోతున్నప్పుడు చేశాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన దాని దగ్గర ఆగి, టార్చి వేసి కాసేపు చూశాడు. కోడు ప్రకారం పక్కన రెండు మేకులు కొట్టమన్నాడు. తర్వాత ఎవరు చేశారని అడిగాడు. చూపించాను. వెళ్ళబోయేముందు నాన్నకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

మర్నాడు బోర్డులు కొట్టేశాం. ఆ బెజ్జం ఇప్పుడు లోపలే ఉంది.

నాన్న ఆ గదిలో అయిదు నెలలుండి ఇంటికెళ్ళిపోయాడు. ఈమధ్య ఫోన్ చేసినప్పుడు, తణుకులో ఎవర్నో చూడ్డానికి కొత్తగా కట్టిన ఆసుపత్రికి వెళ్ళానన్నాడు. గదుల మధ్య మీ గోడలే పెట్టారురా, లోపల ఇనప స్టడ్లు, అన్నాడు. ఎలా తెలిసింది అంటే వేళ్ళు ముడిచి కొట్టుకుంటూ వెళ్ళాట్ట, చెవి పెట్టి, జానలు కొలుచుకుంటూ. చూసేవాళ్ళు ఏమనుకున్నారో!

"రెండడుగులకొకటి పెట్టార్రా" అన్నాడు. "పదహారంగుళాలకి పెట్టాలని తెలీదు కామోసు వాళ్ళకి."